మూడు గంటలకు తలుపు వైపు

ఎదురింటి పెద్దమ్మ పోయి పదిహేను రోజులైంది. ఆ సాయంత్రం నేను గచ్చిబౌలి ఆఫీసులో ఒక మీటింగు ముగించి ఇంకో మీటింగుకు పోతుంటే ఆమె కూతురు ఫోన్ చేసింది. "అక్కా, అమ్మ లేస్తలేదు" అంది. నేను తెల్లాపూర్ చేరేసరికి అంబులెన్సు మా అపార్ట్‌మెంటు గేటు దగ్గర ఊరికే నిలబడి ఉంది.

ఆమె గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చుంటే కూర్చోలేకపోతున్నాను. ఈ కాస్త రాసేలోపే రెండుసార్లు లేచి టీ పెట్టుకున్నాను. రెండూ చల్లారిపోయాయి.

పెద్దమ్మ ముప్పై ఏళ్లు పశువుల దవాఖానలో అటెండరుగా పనిచేసింది. రిటైరయ్యాక కూతురి దగ్గరికి, మా ఎనిమిదో అంతస్తుకు వచ్చింది. నేను అనంతపురం నుంచి వచ్చి ఒక్కదాన్నే కిరాయికి ఉంటున్నాను. ఒక్కదాన్నే అనకూడదు, ముంత ఉంది. సెల్లారులో ఎవరిదో కారు కింద అరుస్తూ దొరికిన పిల్లి అది. ముడుచుకుని కూర్చుంటే అచ్చం ముంతలాగే ఉంటుందని ఆ పేరు పెట్టాను.

ఆఫీసులో నా పని సాఫ్ట్‌వేరు టెస్టింగ్. ఎక్కడ తప్పు కనిపించినా దాని మూలం పట్టుకునేదాకా వదలను. ఇంటికొస్తే మాత్రం, ముంత ఏం చేసినా దానికి పొగరు అని తేల్చేసేదాన్ని. ఒక ఆదివారం అది నా మంచం మీద దుప్పటి తడిపింది. వారంలో మూడోసారి. నేను అరుస్తుంటే తెరిచిన తలుపులోంచి పెద్దమ్మ తొంగిచూసింది.

"ఎవరిని తిడుతున్నవు బిడ్డా?"

"దీన్నే పెద్దమ్మా. నా మీద కోపంతో కావాలనే పోస్తాంది."

ఆమె లోపలికొచ్చి ఇల్లంతా తిరిగింది. వెనక బాల్కనీలో, వాషింగ్ మెషిన్‌ను ఆనించి పెట్టిన ఇసుక ట్రే ముందు ఆగింది. మెషిన్ ఎప్పుడు వేస్తావని అడిగింది. పొద్దున్నే అన్నాను.

"నువ్వు దొడ్డికి కూసున్నప్పుడు పక్కన ఎవడన్న డప్పు కొడితె మళ్ల ఆడికి పోతవా?"

ట్రే తీసుకెళ్లి పడకగది మూలన పెట్టాం. ఆ రోజు నుంచి దుప్పటి తడవలేదు. అంతకుముందు వారమే నేను ముంతను రెండు దెబ్బలు వేసి స్నానాలగదిలో పెట్టి గడియ వేశాను. ఆ సంగతి చెప్పి, ఇప్పుడు దానికి సారీ ఎట్లా చెప్పాలని అడిగాను. పెద్దమ్మ నవ్వలేదు.

"కండ్లల్లకు గుచ్చి సూడకు. గట్ల సూస్తె కొట్లాటకొచ్చినవనుకుంటది. మెల్లగ రెప్పలు ముయ్యి, మెల్లగ తెరువు. ఇగ దాని ఇష్టం."

నాలుగు రోజులు రెప్పలు మూసి తెరిచాను. ఐదో రోజు అది కూడా మూసి తెరిచింది. నాకు ఏ మేనేజరూ అంత సంతోషం ఇవ్వలేదు.

ఆమె మాత్రం పిల్లి దగ్గరికి ఎప్పుడూ పోయేది కాదు. గచ్చు మీద కూర్చుని, ముఖం పక్కకు తిప్పుకుని, ఒక వేలు చాపి ఊరుకునేది. ముంతే వచ్చి ఆ వేలికి దవడ రాసేది. "నాదే అని వాసన పూస్తున్నది" అనేది పెద్దమ్మ. మనుషులతోనూ ఆమెది అదే పద్ధతి. మా లిఫ్టులో ఎక్కినవాళ్లు దిగేలోపు నా పెళ్లి సంగతి అడిగేస్తారు. పెద్దమ్మ రెండేళ్లలో ఒక్కసారీ అడగలేదు. చివరికి ఆమెకు అన్నీ నేనే చెప్పుకున్నాను.

నేను ఇంటి నుంచి క్లయింటుతో మాట్లాడుతుంటే ముంత బల్ల మీది గ్లాసు పడేస్తోందని ఒకసారి చాడీ చెప్పాను. "పిలిస్తె పలుకవు. గ్లాసు పడితె ఉరుకొస్తవు. గది నువ్వు నేర్పిన సదువే" అంది. రాత్రిపూట నా పొట్ట మీద ముందుకాళ్లతో పిండి పిసికినట్టు పిసుకుతుందంటే, "తల్లి పాలు యాదికొస్తున్నయి. పొట్ట గట్ల పిసికితెనే పాలొస్తయి గద" అంది. ఏది అడిగినా ముందు ఒకే మాట అనేది. "పిల్లి ఊకనే ఏదీ జెయ్యదు బిడ్డా. నీకు తెల్వలేదంటె నువ్వు సూడలేదన్నట్టు."

ఆ మాటే ఇప్పుడు నన్ను కూర్చోనివ్వడం లేదు.

మా ఇంటి తాళం ఒకటి ఆమె దగ్గర ఉండేది. రోజూ మధ్యాహ్నం మూడింటికి ఉడికించిన కోడి ముక్క చిన్న గిన్నెలో వేసుకుని ముంత దగ్గరికి వచ్చేది. ముంతను కనిపెట్టుకుని ఉండడానికి నేను హాల్లో కెమెరా పెట్టుకున్నాను. ఇంట్లో ఏది కదిలినా నా ఫోను మోగుతుంది. ఆమె పోయిన రోజు ఆఫీసులో మా సాఫ్ట్‌వేరు రిలీజు. మూడు దాటిన దగ్గర్నుంచి ఫోను మోగుతూనే ఉంది. ఒకసారి తెరిచి చూశాను. ముంత తలుపు గీకుతోంది. రెండడుగులు వెనక్కి పోయి, మళ్లీ తలుపు దగ్గరికే వస్తోంది. "దీనికేం పనిలేదు" అనుకుని ఫోను మోగకుండా చేసి బల్ల మీద బోర్లించాను.

మధ్యాహ్నం ఎప్పుడో గుండె ఆగిపోయి ఉంటుందని అంబులెన్సులో వచ్చిన డాక్టరు అన్నాడు. మధ్యాహ్నం అంటే ఎన్నింటికని నేను అడగలేదు. మూడింటికి ముందని చెబితే బాగుండునని ఉంది. తర్వాతని చెబితే ఏం చేయాలో తెలియదు.

పదకొండో రోజున కూతురు మా తాళం తిరిగి ఇవ్వడానికి వచ్చింది. "ముంత కోసం ఉడకబెట్టిన ముక్క గిన్నెల అట్లనే ఉండె అక్కా" అంది. అది విన్నాక దాచలేకపోయాను. కెమెరా సంగతి అంతా చెప్పి, తిట్టమని చెయ్యి పట్టుకున్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"మూడున్నరకు నేను ఫోన్ జేసిన. ఎత్తలేదు. పండుకున్నదనుకున్న. నేనూ మీటింగుల్నే ఉన్న అక్కా."

ఇద్దరం గుమ్మంలోనే గచ్చు మీద కూర్చుండిపోయాం. ఆమెను ఓదార్చడానికి నా దగ్గర ఏమీ లేదు, నన్ను ఓదార్చడానికి ఆమె దగ్గరా లేదు. ముంత వచ్చి ఆమె మోకాలికి దవడ రాసింది. ఆమె తల్లిలాగే ఒక వేలు చాపింది.

ఇప్పుడు మూడింటికి ఫోను మోగితే నేను ఏ మీటింగులో ఉన్నా లేచి బయటికి వస్తాను. టీములో అందరికీ అలవాటైంది. పిల్లి సంగతులన్నీ నేర్పింది పెద్దమ్మే కాబట్టి ముంత ఆ వేళకు తలుపు దగ్గర ఎందుకు కూర్చుంటుందో నాకు తెలుసు. కెమెరాలో స్పీకరు కూడా ఉంది. ఆమె ఇక రాదని దానికి చెప్పడానికి ఆ స్పీకరు పనికిరాదు. అందుకే ఊరికే చూస్తాను. మూసిన తలుపు, దాని ముందు ముంత వీపు. బయట లిఫ్టు తెరుచుకున్న ప్రతిసారీ దాని రెండు చెవులూ ముందుకు తిరుగుతాయి. అడుగుల చప్పుడు ఇంకో ఇంటి వైపు పోయేదాకా అలాగే నిలబడి, తర్వాత ఒక్కొక్కటిగా వాలిపోతాయి.