ఆటకు నిమ్మకాయ

ఇంటర్నెట్ సెంటర్లు కొత్తగా వెలుస్తున్న రోజులు. అశోక్ నగర్‌లో బస్సెక్కి నా పక్కన కూర్చున్న ఒక పాతికేళ్ల యువకుడు అదేపనిగా నిమ్మకాయ వాసన చూస్తున్నాడు.

"బస్సు పడదా బాబూ?" అంటూ కిటికీ పక్క సీటు ఇవ్వబోయాను.

"బస్సు పడతది అన్నా. ఆటనే పడ్తలేదు."

నెట్‌లో అతను ఆడే పాత ఆట బొమ్మల పుస్తకంలా చదునుగా ఉండేదట. పైనుంచి చూసినట్టు ఊరంతా, తన బొమ్మ వెనక వచ్చేవాళ్లతో సహా కనిపించేదట. అందులో రోజూ కలిసి తిరిగిన దోస్తు కొత్త త్రీడీ ఆటకు వెళ్లిపోయాడు. వెతుక్కుంటూ ఇతనూ వెళ్లాడు. అక్కడ ఎదురుగా ఉన్నదే కనబడుతుంది. పక్కకు చూడబోతే లోకమంతా గిర్రున తిరుగుతుంది. నిమ్మకాయ పట్టుకుని కూర్చున్నా వాంతికొచ్చి లేచిపోవాల్సిందే. ఇప్పుడూ అలా లేచి వస్తున్నవాడే.

"ఆ దోస్తుకు ఫోన్ చేయకపోయావా?"

"ఏ దేశమోడో అన్నా. అసలు పేరే తెల్వదు. గా కొత్త ఆటల ఏం పేరు పెట్టుకున్నడో, ఎట్ల దేవులాడాలె?"

నారాయణగూడలో అతను దిగిపోయాడు. నిమ్మకాయ సీటు మీదే ఉండిపోయింది. పేరైనా అడగలేదు నేను. కిటికీలోంచి "బాబూ, బాబూ" అని అరిచాను. ఎవరెవరో తిరిగి చూశారు, అతను తప్ప. ఆ పాత ఆటలో అయితే, తిరక్కుండానే అతనికి నేను కనిపించేవాణ్ని.