అట్ట మీద ముద్ర

పోయిన ఎండాకాలం సెలవుల్లో ఒకమ్మాయి సోమందేపల్లెలో మా ఇంటికి వచ్చింది. ఆరు నుంచి పది దాకా నా దగ్గర చదువుకున్న పిల్ల. ఇక్కడి అనాథాశ్రమంలో పెరిగి, నర్సింగు చదివి, ఇప్పుడు ఉగాండాలో పనిచేస్తోంది. అక్కడ ఆస్పత్రి పక్కనే తల్లీతండ్రీ లేని పిల్లలకు ఒక తరగతి ఉందట. నలభై మంది. నలుగురికి ఒక పెన్సిలు.

"ఇంకో నెలకు తిరిగి పోతా మేడమ్. నా సామాన్లతోపాటు ఒక పెట్టె తీసకపోవచ్చు. నోటుపుస్తకాలు, పెన్సిళ్లు ఏమన్నా దొరుకుతాయా?" అంది.

దొరక్కపోవడమేమిటి, ఊరంతా నాకు తెలిసినవాళ్లే అనుకున్నాను. ఎంత తెలివితక్కువదాన్ని!

అడగ్గానే అందరూ ఇచ్చారు. ఇచ్చినవి చూస్తే ఒళ్లు మండిపోయింది. సగం రాసేసిన నోటుపుస్తకాలు, ముల్లు విరిగిన కాంపాసులు, ఎండిపోయిన స్కెచ్ పెన్నులు, విత్తనాల కంపెనీ పంచిన పాత డైరీలు. ఒకావిడ ఎంసెట్ గైడు ఇచ్చింది, అదీ తెలుగు మీడియంది. పాత పేపర్లవాడు కూడా మూతి విరిచే సరుకు. "ఇవి మీ పిల్లోడికిస్తే రాస్తాడా అమ్మా?" అని నోటుపుస్తకాలిచ్చిన ఒకామెను అడిగాను.

"వానికెందుకు మేడమ్, వానికి కొత్తవి కొనిచ్చినాం గదా" అంది, సిగ్గయినా లేకుండా.

వాటిలో పనికొచ్చేవి ఏరి, నేను కొన్నవి కలిపినా నలభై మందికి చాలవు. ప్రయాణం నాలుగు రోజుల్లోకి వచ్చింది. అప్పుడు హైవే పక్కన బట్టల కొట్టాయన కబురు పంపాడు, కొత్త నోటుపుస్తకాలు, పెన్సిళ్లు, రబ్బర్లు అన్నీ తానే ఇస్తానని. ఆ మాట వినగానే ఆయనకు దండం పెట్టాలనిపించింది.

కట్టలు వచ్చాయి. విప్పి చూస్తే ప్రతి అట్ట మీదా ఊదారంగు రబ్బరు స్టాంపు. పైన కొట్టు పేరు, కింద 'అనాథ బాలలకు ఉచితం'. మా వైపు ఇది కొత్త కాదు. బడికి ఫ్యాను ఇస్తే రెక్కరెక్క మీదా దాత పేరు ఉంటుంది. కంచం ఇస్తే అన్నం కింద పేరు చెక్కి ఉంటుంది. పేరు వేసుకోనీ, నాకేం? కానీ పుస్తకం తీసిన ప్రతిసారీ ఆ పిల్లకు నువ్వు అనాథవని గుర్తుచేయాలా?

నేరుగా కొట్టుకే పోయి, గిరాకీ అంతా చూస్తుండగానే అడిగాను. "ఏమన్నా, నీ మనవరాలి పుస్తకం మీద 'తాత దయ' అని గుద్దుతావా?"

"ఏం తప్పు మేడమ్? ఆ దేశం పిల్లోళ్లకు తెలుగు యాడొస్తాది? సదివేటోళ్లెవురు?" అన్నాడాయన, నిజంగానే అర్థంకాక.

తిప్పి పంపేద్దామంటే వేరే పుస్తకాలు లేవు. ఇంటికొచ్చి, స్టాంపు కనపడకుండా ఖాకీ కాగితంతో అట్టలు వేయడం మొదలుపెట్టాను. ఆ అమ్మాయి ఎదురుగా కూర్చుని తనూ వేస్తోంది. నా నోరు ఆగితేగా! "వీళ్లు మనుషులేనా? పసిపిల్లల మీద అట్లాంటి ముద్ర వేయడానికి చేతులెట్లా వచ్చాయి?" అని తిడుతూనే ఉన్నాను.

"ఆ పిల్లోళ్లకు తెలుగు రాదులే మేడమ్" అంది ఆమె. "నాకొస్తాండె."

ఏమంటోందో నాకు తెలియలేదు.

"దాతలిచ్చిన నోటుపుస్తకాలు పంచే దినం మీరు క్లాసులో 'అనాథాశ్రమం పిల్లలు లేచి నిలబడండి' అంటాంటిరి. పేరు పెట్టి పిలిస్తే బాగుండు అనుకుంటాంటి. ఐదేండ్లూ అంతే మేడమ్."

కోపంగా కాదు, కాగితం మడతపెడుతూనే చెప్పింది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఎప్పటి సంగతో కదా అని సర్దిచెప్పుకోవడానికి కూడా లేదు. ఆ నెలంతా ఇంటింటికీ తిరుగుతూ, పెట్టె తీసుకుపోయేది ఎవరని అడిగిన ప్రతివాళ్లకూ నేను చెప్పిన మాట ఒకటే: "మన అనాథాశ్రమం పిల్ల."