నల్లకారుకి మంచినీళ్లు

ఎండకి కాలిన కారు మీద నీళ్లు పడితే ఒక వాసన వస్తుంది, వేడి ఇనుమూ తడిసిన టైరూ కలిసిన వాసన. మొన్న ఆదివారం విశాఖపట్నంలో మా అపార్టుమెంటు ముందు మా అబ్బాయి కారు కడుగుతుంటే ఆ వాసన నా ముక్కుకి తగిలింది. తీరా చూద్దును కదా, వాడు పోస్తున్నది తాగే నీళ్ల టిన్ను! ఇదేం పనిరా అని అడిగితే, బోరు నీళ్లు ఆరాక తెల్లమచ్చలు పడుతున్నాయమ్మా అన్నాడు, అదేదో నాకు తెలియని సంగతైనట్టు. నాకు తెలియకపోవడమేమిటి? ఆ మచ్చల మాటెత్తితే ఇప్పటికీ నా ఒళ్లు మండిపోతుంది.

మాది నరసన్నపేట. అరవైల చివర, నాకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్లున్నప్పుడు, మా పెదనాన్న బరంపురంలో ఎవరి దగ్గరో ఒక పాత నల్లకారు కొన్నాడు. మాది బియ్యం, బెల్లం అమ్మే కొట్టు. ఇంట్లో పెదనాన్న మాటంటే మాటే, ఆయన వెనక నిలబడి తలూపడమే మా నాన్న పని. దసరాల్లో కారొచ్చిన రోజున వీధి వీధంతా మా అరుగు ముందే ఉంది. మా పెద్దమ్మ, అంటే పెదనాన్న భార్య, కారుకి హారతిచ్చి, పసుపు రాసి కుంకుమ పెట్టి, బూడిదగుమ్మడికాయ కొట్టించింది. పిల్లలమంతా వెనకసీటు మీదికెక్కి, ఆ పాత తోలు వాసన పీలుస్తూ, బూరెలు తిన్న నేతిచేతులు సీటుకే తుడిచి వీపులు వాయగొట్టించుకున్నాం.

మా పెరట్లో బావి ఉండేది, నిండా నీళ్లే, కానీ ఉప్పునీళ్లు. గిన్నెలకీ గుడ్డలకీ స్నానాలకీ అవే. వాటితో కందిపప్పు ఎంతసేపు పెట్టినా ఉడికి చావదు, కాచే కాగు అడుగున సున్నం పెచ్చులు కట్టేది. తాగడానికీ పప్పు పొయ్యి మీద పెట్టడానికీ మంచినీళ్లు ఊరవతల మామిడితోట బావి నుంచి రావాలి. తెచ్చేది మా అమ్మ, చిన్నకోడలు కదా! తెల్లారకముందే లేచి, నెత్తిన ఒక బిందె, నడుం మీద ఒక బిందె పెట్టుకుని, ఇంటికీ తోటకీ తిరుగుతూనే ఉండేది. ఇంట్లో మగవాళ్లు లేచి మొహాలు కడుక్కునేసరికి కుండలు నిండి ఉండేవి గనక, అవి వాటంతటవే నిండుతాయని వాళ్లు అనుకునేవారేమో.

కారొచ్చిన కొత్తలోనే ఒక శుక్రవారం పెదనాన్న దాన్ని ఎండలో నిలబెట్టి, కొట్టు కూలీ చేత పెరటి నీళ్లతో కడిగించాడు. ఆయన కాఫీ తాగి వచ్చేలోపల ఆరిపోయింది. చూస్తే కారంతా తెల్లమచ్చలు, ముగ్గుపిండి జల్లినట్టు. ఇంక చూడాలి ఆయన గోల, బరంపురం వాడు ముంచేశాడని, లోపల్నించి రంగు పొంగిపోతోందని. పెద్దమ్మకి ఒక్క చూపులో తెలిసిపోయింది. ఆవిడ ఇత్తడి బిందెలు తోమితే తడారకముందే పాతగుడ్డతో తుడిచే మనిషి. అది ఉప్పే, కారుని నీడలో పెట్టి, కడిగినంత మేర అప్పటికప్పుడే తుడిపిస్తే మచ్చ పడదని నెమ్మదిగా చెప్పింది.

“తుడుసుకుంటూ కూకుంటే కొట్టెప్పుడు తెరవాలి? ఇంటికొచ్చిన లక్ష్మికి ఉప్పునీళ్లు పోస్తారేటి? వచ్చే శుక్రవారం నుంచి మంచినీళ్లు తెమ్మని మీ తోటికోడలికి సెప్పు” అన్నాడు పెదనాన్న. తమ్ముడి భార్యతో నేరుగా మాట్లాడకూడదు కదా, అందుకని మర్యాదగా పెద్దమ్మ చేత చెప్పించి చాకిరీ చేయించుకునేవాడు.

మరుసటి వేసవికి అమ్మ కడుపుతో ఉంది. వేసవంటే మాకు తాటిముంజెలు, జీడిపళ్ల వగరు వాసన, మధ్యాహ్నాలు అరుగు మీద గచ్చకాయలాట. అమ్మకి మాత్రం అడుగంటిన బావి, గిలక దగ్గర ఆడవాళ్ల వరస, కాళ్లు బొబ్బలెక్కే ఇసకదారి. అంత రొప్పుతూ తెచ్చిన నీళ్లలో సగం శుక్రవారం పొద్దున్నే కారు ఒంటి మీదికి పోయేవి. ఆ పూట పప్పుకి ఉప్పునీళ్లే గతి. భోజనం దగ్గర పెదనాన్న విస్తరిని తోసేసి, పప్పు పలుకులు పలుకులుగా ఉందని, ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లుండి ఏం లాభమని కసిరేవాడు. బయట కారు తళతళలాడుతూ ఉండేది. ఆయన పక్కన కూర్చుని ఆ పలుకులే నములుతున్న నాన్న నోరెత్తేవాడు కాదు. ఆ పలకనందుకే నాన్న మీద నాకు అప్పుడు కోపం, ఇప్పుడూ కోపమే.

ఒక శుక్రవారం ఇంకా చీకటి విడకుండానే అమ్మ దారిలో కళ్లు తిరిగి కూలబడిపోయింది. ఒక బిందె దొర్లిపోయింది. పక్కింటావిడ రెండో బిందె తను ఎత్తుకుని అమ్మని నడిపించుకొచ్చింది. ఆ రోజు పెదనాన్న కారులో శ్రీకాకుళం పెళ్లికి పోవాలి. సంగతి విని, ఆ ఉన్న బిందె కారుకి పోయించమని చెప్పి స్నానానికి పోయాడు. అమ్మ ఎలా ఉందని అడగలేదు, ఒక్క మాట అడగలేదు ఆ మహానుభావుడు!

అమ్మ గోడ పట్టుకుని లేవబోయింది. “ఒసే పిల్లా, నువ్వు కదలకు. ఆ నీళ్లు నీవి” అంది పెద్దమ్మ. ఒక చెంబుడు అమ్మ చేత తాగించి, మిగిలినవాటితో పప్పు పొయ్యి మీద పెట్టి, తన పాత నేతచీర నిలువునా చింపి సగం నా చేతికిచ్చి, పాకలో నీడన ఉన్న కారు దగ్గరికి నడిచింది. పెరటి బావి ఉప్పునీళ్లే తోడింది. పైకప్పు కడిగి తుడిచింది, తలుపు కడిగి తుడిచింది, నీటిచుక్క తనంతట తాను ఆరే వీలు ఎక్కడా ఇవ్వలేదు. మూలల్లో మిగిలింది నేను అద్దాను.

స్నానం, పూజ అయ్యాక పెదనాన్న వచ్చి కారులో తన మొహం చూసుకున్నాడు.

“సూశావా, మంచినీళ్ల మహిమ?” అన్నాడు.

“అవునండి” అంది పెద్దమ్మ.

అంతే. మళ్లీ ఎప్పుడూ ఆ కారు మీద మంచినీటి చుక్క పడలేదు, ఆ సంగతి ఆయనకి చచ్చేదాకా తెలియలేదు. తన కారు మంచినీళ్లే తాగుతుందని బజారంతా గొప్పలు చెప్పుకుంటూ తిరిగాడు. శుక్రవారం శుక్రవారం పెద్దమ్మ చీరగుడ్డతో కారు తుడుస్తూనే ఉంది. నిజం ఆయన మొహం మీద చెప్పవేమని నేను ఆవిడతో పోట్లాడాను.

“సెప్తే ఆయన తుడుస్తాడేటే? మీ అమ్మకి నీళ్లు మిగిలాయి, సాలదా?” అంది. చాలదు. నాకు అప్పుడూ చాలలేదు, ఇప్పుడూ చాలదు.

మొన్న ఇదంతా చెప్పే ఓపిక లేక, నీళ్లు మార్చక్కర్లేదు, నీడలో పెట్టి ఎప్పటికప్పుడు తుడుచుకోరా అన్నాను మా అబ్బాయితో. “తుడుస్తూ కూర్చుంటే ఎప్పటికవుతుందమ్మా?” అన్నాడు. అచ్చం పెదనాన్నే! మేడ మీదికెళ్లి, నా పాత నూలుచీర చింపి తెచ్చి వాడి చేతిలో పెట్టి, కారుని చెట్టు నీడకి జరిపించి, ఆఖరి చక్రం తుడిచేదాకా కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చున్నాను.

ఇప్పుడు నరసన్నపేటలో మామిడితోట లేదు, ఆ బావి పూడ్చి పైన కొట్లు కట్టేశారు. పెదనాన్న, పెద్దమ్మ, నాన్న అందరూ పోయారు. నల్లకారు ఒక్క మచ్చ లేకుండా పాతసామాన్లవాడి చేతికి పోయింది. మా అమ్మకి మాత్రం ఎడం పక్క నడుం ఎముక మీద, బిందె ఒరుసుకుని ఒరుసుకుని కాయకాసిన మచ్చ ఉండేది. ఆవిడకి ఆఖరి స్నానం చేయించింది నేనే. మంచినీళ్లే పోశాను, ఎంత తుడిచినా అది పోలేదు.