ఎవరు ఎవరిని లేపారు

జగిత్యాలలో ఉంటూ కోరుట్ల దగ్గర ఒక సర్కారు బడిలో లెక్కలు చెబుతాను. పదో తరగతి పరీక్షలు దగ్గర పడగానే పైవాళ్లకు ఒక సత్యం తెలిసివచ్చింది. మా పిల్లలు ఫెయిలయ్యేది నిద్ర వల్లనట! నేను వచ్చేదాకా ఆ బడికి లెక్కల టీచరే లేకపోవడం వల్ల కాదట. కాబట్టి ఒక్కో టీచరు ఒక్కో వెనుకబడ్డ పిల్లను దత్తత తీసుకుని, తెల్లవారకముందే ఫోన్ చేసి లేపాలి. మీటింగులో వాదించాను. వాదించినందుకు, లెక్కల్లో అందరికన్నా వెనుక ఉన్న పిల్లను నాకు అంటగట్టారు.

మొదటి రోజు ఒక్క రింగుకే ఫోనెత్తింది.

"లేచినవా బిడ్డా?"

"లేషిన టీచర్. చదువుతున్న."

"పుస్తకంలకెల్లి కత్తెర చప్పుడు వస్తుందేంది?"

ఫోన్ తల్లి చేతికి మారింది. "బీడీల ఆకు కత్తిరిస్తుంది టీచరమ్మా. గిప్పుడు కత్తిరిస్తెనే బడి యాళ్లకు పని ఒడుస్తది. మేం లేషి శానసేపైంది. మీరే గిప్పుడు లేషినట్టున్నరు, గొంతు గట్లనే ఉన్నది."

నిజమే. నేనింకా దుప్పట్లోనే ఉన్నాను. అయినా ఊరుకోలేదు.

"ఫెయిలైతే ఏం చేస్తదమ్మా?"

"ఏం జేస్తది, గిదే జేస్తది."

"గందుకే చెప్తున్న. చేతులు నువ్వు తీసుకో, చెవులు నాకియ్యి. ఫోన్ స్పీకర్ల పెట్టు."

ఆ రోజు నుంచి ఆ పిల్ల ఆకు కత్తిరించేది, నేను ప్రశ్నలడిగేదాన్ని. జవాబు తెలియనప్పుడు కత్తెర ఆగిపోయేది. త్రికోణమితి వచ్చిందంటే చాలు, చప్పుడుండేది కాదు.

"ఆగినవేందే? జల్ది చెప్పు, ఆకు ఎండుతుంది!" అని తల్లి అరిచేది. అంత కఠినమైన టీచరు మా బడిలో లేరు.

లెక్కల పరీక్ష రోజు నాకు మెలకువ రాలేదు. ఫోన్ మోగితే లేచాను.

"టీచర్, లేషిన్రా? ఇయ్యాల అమ్మ నా ఆకుల చాట గుంజుకున్నది, నా పని తనే చేస్తుంది. జల్ది అడుగుండ్రి."

వెనకాల కత్తెర ఆడుతూనే ఉంది. అది తల్లిది.

"టాన్ అరవై ఎంత?"

ఆ కత్తెర కూడా ఆగింది.

"రూట్ మూడు" అని పిల్ల అన్నాకే మళ్లీ కదిలింది.

బొటాబొటిగా పాసైంది. మేల్కొలుపు ఫోన్లు బ్రహ్మాండంగా పనిచేశాయని పైవాళ్లు రాసుకున్నారు. ఈసారి నేను వాదించలేదు.