సీమోను గారి పరుగుల వెబ్‌సైటు

మా కొత్తపేట లైబ్రేరియన్ సీమోను గారికి ఒక్కటే జబ్బు. ఏ వస్తువూ ఉన్నచోట ఉండకూడదు.

నిన్న కిటికీ దగ్గరున్న బల్ల ఇవాళ గుమ్మానికి అడ్డంగా ఉండేది. నిఘంటువుల బీరువాలో వంటల పుస్తకాలు చేరేవి. బడిపంతులు ఉద్యోగం నుంచి రిటైరై, పొద్దున్నే అక్కడికి వెళ్ళే నాకు పేపరు చదవడానికంటే దాన్ని వెతకడానికే ఎక్కువసేపు పట్టేది.

"కుర్చీలైనా ఒకచోట ఉండనివ్వరా మహానుభావా?" అంటే, "కదిల్తేనే కదండీ గాలాడుద్ది, ఆయ్!" అనేవారు, నేను కూర్చోబోతున్న కుర్చీ లాక్కుపోతూ. తను కూర్చోరు, ఇంకొకర్ని కూర్చోనివ్వరు.

రెండువేల మూడులో, గల్ఫ్‌లో పనిచేసే మా ఊరివాళ్ళు లైబ్రరీకి కంప్యూటరు కొనిచ్చారు. కమిటీ ప్రెసిడెంటు ముత్యాలరాజు గారు వెబ్‌సైటు పెట్టమన్నారు. సీమోను గారు అమలాపురం వెళ్ళి హెచ్‌టీఎంఎల్ నేర్చుకొచ్చారు. అక్కడ రంగులేయడం, బొమ్మలు పెట్టడం అన్నీ చెప్పారట. ఈయన చెవికెక్కింది ఒక్కటే, మార్క్వీ. ఆ మాట ముందూ వెనకా తగిలిస్తే మధ్యలో అక్షరాలు వాటంతటవే పరుగెడతాయి. ఇంకేముంది, కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది.

లైబ్రరీ పేరు ఎడమకి పరుగు. పనివేళలు కుడికి పరుగు. కొత్త పుస్తకాలు కిందికి, వార్తలు పైకి. ప్రెసిడెంటు గారి పేరు ఒక అంచున వచ్చి, కళ్ళజోడు సర్దుకునేలోగా రెండో అంచున మాయమయ్యేది.

"ఏటండీ ఇది? నా పేరు నేను చదవాలంటే దాని వెంట పరుగెత్తాలా?" అన్నారు ముత్యాలరాజు గారు.

"మళ్ళీ వస్తదండీ. కాసేపు కూర్చోండి."

"కూర్చోడానికి కుర్చీ ఏదండీ?"

కుర్చీ అప్పుడే పక్కగదికి వెళ్ళిపోయింది. ప్రెసిడెంటు గారికి ఒళ్ళు మండింది. సోమవారానికల్లా అన్నీ ఆగాలనీ, ఒక్క అక్షరం కదిలినా కంప్యూటరు తన ఇంటికి పట్టుకుపోతాననీ చెప్పేశారు. నాకైతే లోలోపల సంతోషమే.

సోమవారం ప్రెసిడెంటు గారూ నేనూ వెళ్ళాం. పేర్లన్నీ బుద్ధిగా ఆగి ఉన్నాయి. వార్తల పేజీ మాత్రం మెల్లగా పైకి పోతూనే ఉంది. ముత్యాలరాజు గారు కేకేయబోయి ఆగిపోయారు.

తెర ముందు పెద్దిరాజు కూర్చుని ఉన్నాడు. కొబ్బరి దింపు తీస్తూ చెట్టు మీంచి పడ్డాక అతని చేతులు రెండూ పనిచేయవు. భార్య చిన్నతల్లి బజారుకెళ్తూ ఇక్కడ కూర్చోబెట్టి వెళ్తుంది. పేపరు పేజీ తిప్పమని ఒకర్ని అడగడం అతనికి నామోషీ. ఇప్పుడు ఎవర్నీ అడక్కుండా, పెదాలు కదుపుతూ తన మానాన తను చదువుకుంటున్నాడు.

సీమోను గారు మమ్మల్ని గుమ్మం బయటికి లాక్కొచ్చారు.

"ఇదొక్కటీ ఆపలేనండీ. రోజూ పేపర్లో వార్తలు నేనే టైపు చేస్తన్నాను. ఇది నీకోసమే అంటే మర్నాడు రాడండీ అతను. అందుకే అన్నిటినీ పరుగెత్తించేను. కంప్యూటరు మాత్రం పట్టుకెళ్ళకండి."

ఆ మనిషి కదలకుండా నిలబడటం నేను చూడటం అదే మొదలు. అన్నాళ్ళూ ఆయన్ని విసుక్కున్న నాకు, ఆ క్షణాన ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో చెప్పలేను.

"మరి ఆ బల్లలూ కుర్చీలూ ఎవరికోసమండీ?" అన్నాను.

"అవి నా సరదా అండీ."

లోపల పెద్దిరాజు తెర మీద విరుచుకుపడుతున్నాడు. "ఓరి దీని జిమ్మడ! కొబ్బరికాయల రేటు చదవకుండానే ఎగిరిపోయింది!" మనిషిని అడగడానికి మొహమాటపడేవాడికి మిషన్ని తిట్టడానికి మొహమాటమేమీ లేదు.

ముత్యాలరాజు గారు గొంతు సవరించుకున్నారు. "దాన్ని ఉంచండి. కాస్త నెమ్మదిగా పోనివ్వండి. నా పేరు మాత్రం కదిలిందో, ఊరుకోను."

"ఆయ్! మీ మాట దాటతానా అండీ?"

మర్నాడు వెళ్ళి చూశాను. ప్రెసిడెంటు గారి పేరు వెంట్రుకవాసి కూడా కదలకుండా ఉన్నచోటే ఉంది. కాకపోతే, పెళ్ళిపందిరి దీపాల్లా ఆరుతూ వెలుగుతోంది.

"కదల్లేదు కదండీ!" అన్నారు సీమోను గారు, నా కుర్చీ లాక్కుపోతూ.