పొలిమేర బస్సు రోడ్డుకు జరిగిన రోజు

పెనుకొండకు కోట ఉంది, చరిత్ర ఉంది. అక్కడి నుంచి గోరంట్లకు పోయే దారిలో ఉన్న మా ఊళ్లో ఇరవై ఇండ్లు కూడా లేవు. అయినా ఆచారాల విషయంలో మావాళ్లు ఏ రాజధానికీ తీసిపోరు. పట్టు పట్టారంటే దేవుడు దిగివచ్చినా వినరు. నాకు వాళ్లంటే అందుకే ఇష్టం.

ఊరి దేవర, అంటే గ్రామదేవత జాతర రోజు, పసుపు కలిపిన అన్నం గంపలకెత్తి, ఊరి చుట్టూ గీత గీసినట్టు చల్లేవారు. దాన్నే పొలి అంటారు. చల్లాక మరునాడు పొద్దు పొడిచేదాకా ఊళ్లో ఉన్నవాళ్లెవరూ ఆ పొలి దాటి అడుగు బయట పెట్టకూడదు. పెడితే ఊరికి కీడు.

యాభైల చివర్లో ఒక దేవర నాడు, ధర్మవరం నుంచి పట్టుచీరలు నేసి అమ్ముకునే ఆయన మూట భుజాన వేసుకుని మా ఇంటికి వచ్చాడు. మా అవ్వ అన్నం పెట్టింది. ఆయన తిని చెయ్యి కడుక్కునేలోగా పొలి చల్లడం అయిపోయింది. మూటలో ఉన్నది గోరంట్ల పెళ్లికూతురి చీర. తెల్లవారుజామునే ముహూర్తం. సాయంత్రం ఊరి బయట రోడ్డు మీద వచ్చే బస్సు ఒక్కటే దిక్కు.

"చీర అందకపోతే ఇంక ఆ ఊర్లో నా మొగం ఎవురు చూస్తారు? నన్ను పంపీండి సామీ" అని కండ్లనీళ్లు పెట్టుకున్నాడు.

ఊరి పెద్ద మా చిన్నతాత. ఆయన తల అడ్డంగా ఊపాడు. "నేనేం చేసేదబ్బా? ఊరి కూడు తింటివి. ఈపొద్దుకు నువ్వూ మా ఊరోనివే."

తను పెట్టిన అన్నమే ఆ మనిషికి సంకెల అయిందని అవ్వకు చురుక్కుమంది. "ఏమప్పా, పొలి ఇంకా మిగిలుండాదా?" అని మరిదిని అడిగింది. అర గంప ఉందన్నాడు.

"అట్లయితే బస్సు రోడ్డు దాకా చల్లుకుంటా పోండి. ఆడిదాకా మన ఊరే అవుతాది. ఈయప్ప మన ఊర్లోనే నిలబడి బస్సెక్కుతాడు. ఇంక కాలు యాడ దాటినట్టు?"

చిన్నతాతకు ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. దారికి రెండు పక్కలా పొలి చల్లుకుంటూ ఊరు ఊరంతా బయల్దేరింది. ముందు డప్పులు, మధ్యలో చీరల ఆయన. బస్సు ఆగగానే చిన్నతాతే ఆయన్ను చంకల కింద పట్టి మెట్టు మీదికి ఎత్తాడు. ఎవరో పెద్దమనిషిని సాగనంపుతున్నారనుకుని బస్సులోవాళ్లు లేచి సీటిచ్చారట. చీర వేళకు అందిందని తర్వాత ఆయనే వచ్చి చెప్పాడు.

మళ్లీ దేవరకు ఎవరూ చెప్పకుండానే పొలి గంప బస్సు రోడ్డు దాకా వెళ్లింది. ఆ ఏడు కొత్తగా కాపురానికి వచ్చిన కోడలు ఒకామె, "ఇంత దూరం ఎందుకు మామా?" అని చిన్నతాతను అడిగింది.

ఆయన మీసం సవరించుకుని, "మా తాతల కాలం నుంచీ ఇంతేమ్మా. మన పొలిమేర ఈడిదాకా ఉండాది" అన్నాడు.

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ, కాదనలేదు.