పసుపు పూసుకున్న లైవ్ సీడీ

హిందూపురంలో నేను అద్దెకున్న గది కింద పట్టుగూళ్ల గోదాము. ఆ వాసనకే నా గదికి ఎవరూ రారని చెప్పుకునేవాణ్ని. వాసన లేకున్నా వచ్చేవాళ్లు కాదులెండి, కానీ చెప్పుకోవడానికి వాసనే మర్యాదగా ఉండేది.

విండోస్‌కు బదులు కంప్యూటర్‌ను నడిపే లినక్స్ గురించి మాట్లాడితే వినే మనిషి ఒక్కడే, ధర్మవరంలో. కాలేజీలో నా పక్కన కూర్చున్నవాడు. ఇంట్లో మగ్గాలు, చీర అంచుల డిజైన్లు కంప్యూటర్లో గీసేవాడు. ఒకరోజు ఫోన్ చేశాడు.

"ఏమబ్బా, కంప్యూటర్ లేస్తా లేదు. డిజైన్లన్నీ దాంట్లోనే ఉండాయి. రిపేరోడు అంతా తుడిచి విండోస్ మళ్లీ ఎక్కిస్తానంటాండాడు. అవి పోతే నేనింక బెంగళూరికే. మామ ఏదో పని చూసినాడు."

వాడూ పోతే, నేను లినక్స్ గురించి పట్టుగూళ్లకు చెప్పుకోవాలి.

"తుడవనీయొద్దు. నేను వస్తాండా," అన్నాను హీరోలాగా. హీరోకి ఇంటర్నెట్ లేదు.

కంప్యూటర్లో ఏమీ ఎక్కించకుండా సీడీ నుంచే నడిచే లినక్స్, అంటే లైవ్ సీడీ, తయారుచేయాలి; దాంతో లేపితే లోపలి డిజైన్లు చెడకుండా బయటికి తీయొచ్చు. పత్రికలతో వచ్చిన సీడీల్లోని ప్రోగ్రాముల ప్యాకేజీలన్నీ హార్డ్‌డిస్కులో కుప్పపోసి, ఏం కావాలన్నా ఆ కుప్పలోనే వెతుక్కోమని నా కంప్యూటర్‌కు చెప్పాను. బొమ్మలు గీసే ప్యాకేజీ ఒక్కదాన్ని పిలిస్తే, అది తాను ఆధారపడే మిగతా ప్యాకేజీలు, అంటే తన బంధువులందరూ వస్తేనే వస్తానంది. నాకు కూడా అంతమంది బంధువులు లేరు. సీడీలో చోటు చాలక ఆటలు తీసేశాను, పాటలు తీసేశాను. మిగిలింది అచ్చం నా జీవితంలాగే ఉంది, కానీ బూట్ అయింది.

ధర్మవరం వెళ్లే ప్యాసింజర్ రైలు పెనుకొండలో క్రాసింగ్ కోసం ఆగింది. పక్కనాయన నా చేతిలో సీడీ చూసి, "ఏం సినిమా అప్పా?" అన్నాడు.

"మూకీ," అన్నాను.

ధర్మవరంలో నేను కాళ్లు కడుక్కొని వచ్చేలోపు వాళ్ల అవ్వ సీడీకి పసుపు పూసి కుంకుమ పెట్టేసింది. కొత్త మగ్గమైనా మిక్సీ అయినా ఆ ఇంట్లో పూజ కాందే వాడరు. పెట్టడం కూడా డ్రైవ్ చదివే మెరిసే వైపే.

"మెరిసేదే కదప్పా మొగం!" అంది.

పైపైన దులిపి పెడితే, డ్రైవ్ కాసేపు మూలిగి ఊరుకుంది. ఇంకో కాపీ తేలేదు. మగ్గం దగ్గరి పట్టుగుడ్డ తడిపి, మధ్యనుంచి అంచుకు మెల్లగా తుడిచాను. నేను దేవుడి ముఖం కడుగుతున్నట్టు అవ్వ చూసింది.

ఈసారి లేచింది. చిలకలు, మామిడిపిందెలు, అంచులు, అన్నీ ఉన్నాయి. పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, వాడు ఆగిపోయిన అంచు అప్పుడే గీయడం మొదలుపెట్టాడు.

"ఇంగ బెంగళూరికి పోనులేబ్బా," అన్నాడు తెరమీంచి చూపు తిప్పకుండా. "సీడీ తీస్తే ఆగిపోతాది కదా? ఈడే ఉండనీ."

ఎట్ల చేసినావని అడుగుతాడేమోనని కాఫీ అయిపోయేదాకా కూర్చున్నాను. అవ్వ ఇంకో గ్లాసు పోసింది. అది కూడా అయిపోయింది.

ఖాళీ సీడీ డబ్బాతో హిందూపురం చేరాను. గోదాము తలుపు తెరిచే ఉంది. మెట్లమీద కూర్చుని, కుప్ప పోయడం దగ్గర్నుంచి పట్టుగుడ్డ దాకా పట్టుగూళ్లకు వివరంగా చెప్పాను.

మధ్యలో ఎవరూ లేచిపోలేదు.